మితభాషి గారి కింది వాటా

ఉన్న ఇల్లు అమ్మేస్తున్నానని, రెండు నెలల్లో ఖాళీ చేయమని ఇంటాయన చెప్పినప్పుడు భార్యాభర్తలిద్దరూ పెద్దగా కంగారు పడలేదు. ఊళ్ళో ఇన్ని ఇళ్ళున్నాయి, తమకొకటి దొరకదా అనుకున్నారు. అది మొదటి వారం సంగతి.

ఆమె ఒక పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. అతను నీటి సరఫరా ఆఫీసులో పైపులైన్ల పటాలు గీస్తాడు. ఇద్దరి జీతాలూ కలిపితే మర్యాదగా బతకడానికి సరిపోతుంది. ఆ బతికేది ఒక ఇంట్లో బతకాలనుకుంటే మాత్రం చాలదు.

బ్రోకరు చూపించిన మొదటి ఫ్లాటులో పడకగది నడిమధ్య ఒక స్తంభం ఉంది. మంచం దానికి ఈ పక్కన వేస్తే తలుపు తెరుచుకోదు, ఆ పక్కన వేస్తే మూసుకోదు. బిల్డింగంతా ఆ స్తంభం మీదే నిలబడిందని, ఇంత గట్టి ఇల్లు ఊళ్ళో మరొకటి లేదని బ్రోకరు గర్వంగా చెప్పాడు. రెండో దాంట్లో వంటగది ఏదని అడిగితే, అంతసేపూ తాము నిలబడి ఉన్నది అందులోనేనని తెలిసింది. మూడో దానికి కిటికీ ఉంది. తెరిస్తే పక్కింటి గోడ; తాకడానికి చెయ్యి చాపనక్కర్లేదు, ముక్కు చాలు. దాన్ని బ్రోకరు ప్రైవసీ అన్నాడు.

భర్త ప్రతి ఇంట్లోనూ గోడలు తట్టి చూసి, బాగానే ఉంది, సర్దుకుందాం అనేవాడు. స్తంభానికి బట్టల కొక్కేలు ఎన్ని పడతాయో కూడా చూసిపెట్టాడు. భూమి కింద పైపుల్ని ఇరికించి ఇరికించి, మనుషుల్ని కూడా అలాగే ఇరికించవచ్చని అతనికి నమ్మకం కుదిరిపోయిందేమోనని ఆమె అనుమానం.

ఆరో వారానికి బ్రోకరు ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పుడే ఆమె ఒక మందుల షాపు గోడమీద చీటీ చూసింది. రెండు గదులు, ఎండ పడే వంటగది, వాళ్ళకు అందే అద్దె. అన్నిటికంటే కింద మరో ముక్క: ఎక్కువ మాట్లాడేవారు రానక్కర్లేదు.

ఆ ఇంటాయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. పై వాటాలో ఒక్కడే ఉంటాడు. వీధిలో అందరూ ఆయన్ని మితభాషి అంటారు, అదీ ఆయన వినేంత దూరంలో లేనప్పుడు. ఆయన వీళ్ళను కూర్చోమనలేదు. ఏం పని, ఎక్కడ, ఎంతమంది అని ముక్తసరిగా అడిగాడు. ప్రతి మాటకూ నోట్లో టక్కుమని చప్పుడైంది. మాట అయిపోగానే పెదాలు బిగించేసేవాడు. అది దర్పమనుకుని భర్త చేతులు కట్టుకున్నాడు. ఆమె మాత్రం ఆయన నోటివైపే చూస్తోంది. పన్నెండేళ్ళుగా చేస్తున్న పని మరి. వేళ్ళు దురద పెట్టాయి.

"ఇల్లు చూస్తారా?" అన్నాడాయన.

"చూస్తామండి. మీ కింది సెట్టు ఎత్తు ఎక్కువైంది" అంది ఆమె.

భర్త నేలవైపు చూశాడు. దాని కింద పైపేదైనా ఉంటే అందులో దూరి బయటపడదామన్నట్టు.

"ఏంటి?" అన్నాడు ఇంటాయన.

"పళ్ళ సెట్టండి. ఎడమవైపు వెనక పళ్ళు ముందే తగులుతున్నాయి, అందుకే ఆ చప్పుడు. నమిలితే నొప్పి కూడా ఉండాలే. ఎవరు చేశారో గానీ కొలత సరిగ్గా తీసుకోలేదు."

ముప్పయ్యొక్క ఏళ్ళు ఊరందరి కొలతలనూ తప్పుపట్టిన మనిషితో అనవలసిన మాట కాదది. ఆయన లేచి వెళ్ళి తలుపు తెరిచి పట్టుకున్నాడు. కింది వాటా చూపించడానికి కాదు.

దారిలో భర్త ఆమెకు పది అడుగులు ముందు నడిచాడు. అతని కోపం అలాగే ఉంటుంది. చివరికి, ఆ స్తంభం ఇల్లు ఇంకా ఖాళీగా ఉందేమో కనుక్కుందామా అన్నాడు. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. కాసేపు నోరు మూసుకుని ఉంటే ఏం పోయేదని తనను తానే తిట్టుకుంది. ఖాళీ చేయడానికి ఇక పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె క్లినిక్ వెనక గదిలో ప్లాస్టర్ కలుపుతుంటే డాక్టరు పిలిచాడు. వెళ్ళి చూస్తే కుర్చీలో మితభాషి. రెండేళ్ళుగా మెత్తటివి తప్ప తినడం లేదని, నోరు తెరిస్తే ఆ టకటకలకు షాపుల్లో జనం నవ్వుతున్నారని, అందుకే మాట్లాడటం మానేశానని డాక్టరుకు చెప్పుకున్నాడట. ఆమెవైపు మాత్రం చూడలేదు. డాక్టరు నీలం కాగితం కొరికించి, ఎక్కడెక్కడ రంగు అంటిందో చూసి, సెట్టు ఆమె చేతికిచ్చాడు. ఆమె కొంచెం అరగదీసింది. మళ్ళీ కొరికించారు, మళ్ళీ అరగదీసింది. నాలుగోసారికి చప్పుడు పోయింది.

ఆయన మెల్లగా ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాడు. ఆగలేక ఇరవై దాకా వెళ్ళాడు. అప్పటికి కళ్ళు తడిశాయి.

"కింది వాటా ఇంకా ఎవరికీ ఇవ్వలేదమ్మా" అన్నాడు.

అలా ఇల్లు దొరికింది. వంటగదిలో చీటీలో రాసినట్టే ఎండ పడుతుంది. తలుపులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి కూడా. అంత వైభవం అలవాటు కావడానికి భర్తకు వారం పట్టింది.

ఈలోగా ఇంటాయన రెండేళ్ళుగా కడుపులో దాచుకున్న మాటలన్నీ మోసుకుని రోజూ సాయంత్రం కిందికి దిగడం మొదలుపెట్టాడు. అడుగున తొలిచేసిన తూకంరాళ్ళు, కాటా కింద అంటించిన అయస్కాంతాలు, ఒక్క బట్టల కొట్లో పట్టుకున్న మూడు రకాల గజంబద్దలు. ఒక్కో కేసు రెండు మూడు రోజులు నడిచేది. కాదనడం చేతకాని భర్త ఊఁ కొడుతూ కూర్చునేవాడు. కంచాల్లో తిండి చల్లారిపోయేది. ఆమె పనిలేకపోయినా క్లినిక్‌లో ఆలస్యం చేయసాగింది. ఆ నోరు బాగుచేసింది తనే కాబట్టి ఎవర్నీ తిట్టుకోవడానికి లేదు.

రెండో నెల చివర్లో ఒకరోజు ఉండబట్టలేక చెప్పేసింది.

"బాబాయిగారూ, రోజూ ఒక గంట. ఏడు నుంచి ఎనిమిది. ఆ తర్వాత మేం తినాలి, కాస్త ఊరికే కూర్చోవాలి."

భర్త సామాన్లు కట్టే అట్టపెట్టెలు అటకమీద ఉన్నాయో, పారేశామో గుర్తుచేసుకునే ప్రయత్నంలో పడ్డాడు. ఇంటాయన తొందరపడలేదు. తక్కెడ ముల్లు నిలకడగా ఆగేదాకా చూసే మనిషి కదా.

"మరి ఆదివారం?"

"ఆదివారం పొద్దున రెండు గంటలు."

"మధ్యలో టీ?"

"టీ మీరే తేవాలి."

సరేనమ్మా అని ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు ఏడు గంటలకు రెండు నిమిషాల ముందే దిగి, గడియారం చూసుకుంటూ గుమ్మం బయట నిలబడ్డాడు. ఏడైన తర్వాతే తలుపు తట్టాడు.