గొంతు సవరించని రాజు

పాండురంగయ్య ఇంట్లో అడుగుపెట్టే ముందు గొంతు సవరించుకునేవాడు. భవానీపురంలో వాళ్ళ సందు మొదట్లో ఒక "ఎహ్హెం", గేటు దగ్గర ఇంకోటి, వంటింటి కర్టెన్ ముందు ముచ్చటగా మూడోది. మగవాళ్ళు వస్తున్నట్టు ఇంట్లో ఆడవాళ్ళకి ముందే తెలియాలని వాళ్ళ నాన్న నేర్పిన మర్యాద అది. గుమ్మానికి కాలింగ్ బెల్ వచ్చి ఏళ్ళు గడిచినా ఆయన మాత్రం తన బెల్ మానలేదు.

ఆ గొంతే ఆయన ఆస్తి. పగలు తన చేనేత చీరల కొట్లో, ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్ళ చేత కూడా ఆ గొంతుతోనే రెండు చీరలు కొనిపించేవాడు. సాయంత్రాలు నాటక సమాజంలో రాజు వేషం. రాజ్యం పోగొట్టుకున్న రాజు అడవిలో పాడే పద్యం ఒకటుంది. దాని చివర ఆయన రాగం తీస్తే జనం "వన్స్ మోర్" అని అరవాల్సిందే, ఆయన మళ్ళీ పాడాల్సిందే. పద్యం బాగుందని చెప్పడానికి మనవాళ్ళకి చప్పట్లు చాలవు మరి.

మెచ్చుకోనిది ఒక్క భద్రమ్మే. "ఆ రాగం కాస్త ఆపుదురూ, కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో తెలిసి చావట్లేదు" అనేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మొగుడి నాటకం ఒక్కటీ చూడలేదు. పాండురంగయ్య పైకి నవ్వేసేవాడు గానీ లోపల చాలా చిన్నబుచ్చుకునేవాడు.

అలాంటి గొంతు బొంగురుపోయింది. గన్నవరంలో నాటక పోటీలు దగ్గరకొచ్చేశాయి. ఈలోగా గొంతు రాకపోతే, ఇన్నాళ్ళూ మంత్రిగా నిలబడి విసిగిపోయిన దుర్గాశంకర్ కిరీటం పెట్టేసుకుంటాడు. దాంతో పాండురంగయ్య గొంతు రక్షణకి నడుం కట్టాడు. పొద్దున్నే నిమ్మరసంలో తేనె, మధ్యాహ్నం శొంఠి కాఫీ. రిహార్సల్ అయ్యాక పొద్దుపోయి ఇంటికొచ్చి, కొత్తావకాయ కలుపుకుని కడుపునిండా తిని, పైన గ్లాసుడు మిరియాల కషాయం తాగి వెంటనే మంచమెక్కేవాడు. గొంతు తెరుచుకోలేదు. మిరియాలు పెంచాడు. ఉన్న కాస్తా పోయింది.

చివరికి గొంతు డాక్టరు జ్యోతిర్మయి ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి, లోపలి సంగతి తెర మీద చూపించింది. పండుమిరప పచ్చడి రంగులో ఉంది.

"గొడవ గొంతులో లేదు బాబాయిగారూ, పొట్టలో ఉంది. తిన్న వెంటనే పడుకుంటున్నారు. పొట్టలో యాసిడ్ పైకి తన్నుకొచ్చి గొంతు లోపలి పొరని కాలుస్తోంది. మీరేమో దాని మీద నిమ్మకాయ పిండి, మిరియాలు చల్లుతున్నారు."

మాత్రలు రాసి నియమాలు చెప్పింది. పెందరాళే తేలిగ్గా భోజనం, తిన్నాక మూడు గంటల దాకా నడుం వాల్చకూడదు, మంచం తలవైపు ఎత్తు పెట్టాలి, కారం, పులుపు, కాఫీ బంద్, పంచె బిగించి కట్టకూడదు, అరవకూడదు. అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. ఆఖరిది విని నీరుగారిపోయాడు.

"గొంతు అసలు సవరించుకోవద్దు. కాలినచోట అది గోరుచుట్టు మీద రోకటిపోటు. గరగర అనిపిస్తే ఒక గుక్క మంచినీళ్ళు మింగండి."

"మరి ఇంట్లోకి ఎలా వెళ్ళాలమ్మా?"

"తలుపు తీసుకుని వెళ్ళండి."

భద్రమ్మ ఆ రోజే మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టించింది. ఆవకాయ జాడీ అటక ఎక్కింది. పొద్దు వాలకముందే సొరకాయ కూర, పెరుగన్నం. "ఇది రాజభోజనమా, లంఖణాల పథ్యమా?" అని ఆయన సణిగితే, "రాజ్యం పోయిన రాజేగా, తినండి" అనేది.

ఇక చప్పుడు చెయ్యని పాండురంగయ్య ఎక్కడికెళ్ళినా ఊడిపడినట్టే ఉండేది. కొట్లో గుమాస్తా చీరల బేళ్ళ మీద గుర్రుపెడుతూ దొరికిపోయాడు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, అలవాటుగా కర్టెన్ ముందు ఆగి, గొంతు దాకా వచ్చిన "ఎహ్హెం"ని మింగేశాడు.

లోపల ఎవరో పద్యం పాడుతున్నారు. తన పద్యమే. చివరి రాగం దగ్గర ఆయన ఎప్పుడూ బిగబట్టి లాగే చోట, ఆ గొంతు తొణక్కుండా పైకెళ్ళి మెల్లగా దిగింది. పాండురంగయ్య కర్టెన్ తొలగించాడు. పొయ్యి దగ్గర భద్రమ్మ!

గరిటె కిందపడింది. "అదేంటండీ, దగ్గి రావచ్చుగా!"

"డాక్టరమ్మ వద్దంది. నీకీ పద్యం ఎప్పుడొచ్చింది భద్రా?"

"మీరు సాధన చేస్తుంటే వినీ వినీ వచ్చేసింది. మీ దగ్గు వినపడగానే ఆపేసేదాన్ని."

"మరి ఒక్కసారైనా బాగుందని అనలేదే?"

"అంటే ఇంకేమన్నా ఉందా! కొట్టు మూసేసి కిరీటంతోనే తిరిగేవారు."

ఆ పూట పాండురంగయ్య సొరకాయ కూర మారు అడిగి వేయించుకున్నాడు.

పోటీల ముందు జ్యోతిర్మయి మళ్ళీ కెమెరా పెట్టి చూసింది. ఎరుపు చాలావరకు తగ్గింది. "పద్యం ఒక్కసారే. వన్స్ మోర్లు లేవు" అని షరతు పెట్టింది. కాపలాగా మొదటిసారి భద్రమ్మ నాటకానికి బయల్దేరి, గోరువెచ్చటి నీళ్ళ ఫ్లాస్కుతో స్టేజీ పక్కన తెర వెనక నిలబడింది.

గొంతు పలికింది. రాగం అందుకోగానే హాలు ఊగిపోయింది. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

పాండురంగయ్య చేతులు జోడించాడు. జనం ఊరుకోలేదు. భద్రమ్మ తెర చాటునుంచి వద్దు వద్దని తలూపుతూనే ఉంది. కానీ నెత్తిన కిరీటం, ఎదురుగా అంత జనం. ఏ రాజు మాత్రం ఆగగలడు? ఆయన ఊపిరి పీల్చి నోరు తెరిచాడు.

ఆయన గొంతు ఇంకా లేవకముందే తెర వెనకనుంచి పద్యం మొదలైంది.

రాజు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. జనం మొదట గొల్లున నవ్వారు. రెండో పాదానికి నవ్వు ఆగింది. నాలుగో పాదం చివర రాగం మెల్లగా దిగేసరికి రాజుగారి కళ్ళనీళ్ళకి మీసం అంచు ఊడొచ్చింది. ఇన్నేళ్ళూ ఇంట్లో పెట్టుకుని ఈ గొంతు వినలేదే అనిపించింది.

అరవకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

"వన్స్ మోర్!" అని అరిచాడు పాండురంగయ్య.

"గొంతండీ, గొంతు!" అని తెర వెనకనుంచి కసిరి, భద్రమ్మ మళ్ళీ ఎత్తుకుంది.