నీళ్ల గొట్టం

మా అత్తగారికి నమలడానికి పనికొచ్చే పళ్ల జత ఒక్కటే మిగిలింది, ఎడమవైపు. అందులో కిందిదానికి రూట్ కెనాల్ చేయించి ఆరు నెలలైనా సలుపు తగ్గలేదు. డాక్టరు దాన్ని మళ్లీ తెరిచి, సన్నటి కాగితపు పుల్లను వేరు కాలువలోకి దించి, తడి పీల్పించి, సీసాలో వేసి మా ఆడపడుచు పనిచేసే ల్యాబుకు పంపారు. పంటి లోపలి క్రిములు చాలావరకు గాజు పళ్లెంలో పెంచితే పెరగవట. అందుకని వాటి డీఎన్ఏకు యంత్రంలో లక్షల నకళ్లు తీసి, లోపల ఎవరెవరున్నారో చూస్తారు. మందులకు లొంగని మొండి క్రిమి దండిగా ఉంటే పన్ను తీసేయడమే, లేకపోతే శుభ్రం చేసి మూసేద్దాం అన్నారు.

ఉందని ఆడపడుచు నుంచి కబురొచ్చింది.

"నా కూతురు చూసి చెప్పాక ఇంకేముంది, పీకేయమను," అన్నారు అత్తగారు. నా వంట బాగుందని ఒప్పుకోవడానికి మాత్రం ఆవిడకు ఇద్దరు సాక్షులు కావాలి.

పన్ను పళ్లెంలో పడ్డాక నా ఫోన్ మోగింది.

"వదినా, అమ్మ కుర్చీ ఎక్కిందా?"

"దిగింది కూడా."

ఆడపడుచు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ప్రతి పరీక్షలోనూ ఒక గొట్టంలో ఉత్త నీళ్లే పోస్తారు. అందులో ఏమీ కనబడకూడదు. కనబడితే ఎక్కడో కల్తీ జరిగినట్టు, ఆ రోజు ఫలితాలన్నీ చెత్తబుట్టకే. రోజూ తను ముందు ఆ నీళ్లే చూసేది. నిన్న మాత్రం ఆత్రం కొద్దీ అమ్మది ముందు చూసి, డాక్టరుకు చెప్పేసింది. నీళ్లలోనూ అదే క్రిమి ఉంది.

అత్తగారు దూది కరుచుకుని, మొద్దుబారిన బుగ్గను వేలితో పొడుచుకుంటూ ఏమిటన్నట్టు చూశారు. సర్దిచెప్పే మాటలు నా దగ్గర ఎప్పుడూ నాలుగైదు తయారుగా ఉంటాయి. ఆ పూట వాటి జోలికి పోలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆవిడ కోప్పడలేదు. దూది తీసి, పన్నేదని అడిగారు. నర్సు దాన్ని సీసాలో పెట్టి ఇచ్చింది.

"దాని చేతికే ఇవ్వు. ఈసారి నీళ్లు ముందు చూడమను."

సీసా అందుకున్న ఆడపడుచు ఏడవలేదు. చేతులు కడుక్కుని తొడుగులు వేసుకుంది. మర్నాడు అమ్మ పంటి వేరును తనే నూరి మళ్లీ పరీక్ష పెట్టింది. ఈసారి నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. పంటిలోనూ ఆ క్రిమి లేదు.

ఇంటికొచ్చి వాళ్లమ్మకు అదే చెప్పింది, రిపోర్టు చదివినట్టు. ఆ రోజు పరీక్షించిన మిగతా పదకొండు మందికీ కబురు పెట్టానంది.

"అలాగా," అన్నారు అత్తగారు, రొట్టెను పాలలో నానబెట్టుకుంటూ. "కూర్చో. తినేసి వెళ్లు."

తను కూర్చుంది. ముగ్గురం తిన్నాం. నమిలిన చప్పుడు మా ఇద్దరిదే.