ఆరు సెంటీమీటర్ల మంచం

పొద్దున గది ఊడుస్తుంటే నా మంచం చీపురుకు తగిలింది.

ఆరు సెంటీమీటర్ల పొడుగు, రెండున్నర వెడల్పు ఉన్న పసుపురంగు అట్టముక్క. ఒక అంచు వంకరగా తెగింది. దానిమీద పెన్సిలుతో ‘నానమ్మ మంచం’ అని రాసి ఉంది. పెన్సిలు పొట్టులో పడి ఉంటే వంగి తీసి కొంగుతో తుడిచాను. రాత మా గువ్వదే. గువ్వ నా చిన్నకొడుకు కూతురు, ఐదో తరగతి. ఒత్తులు రాసేటప్పుడు దానికెప్పుడూ తొందర, పక్క అక్షరం మీదికి ఒరిగిపోతాయి.

ముందుగా ఒక సంగతి చెప్పుకోవాలి. నాకు చదవడం వచ్చని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను బడి మెట్టు ఎక్కలేదు. అయినా ఐదో తరగతి చదవడం ఇది మూడోసారి. పెద్దమ్మాయి కొడుకుతో ఒకసారి, పెద్దాడి కూతురితో ఒకసారి, ఇప్పుడు గువ్వతో. ఎవరింట్లో పసిబిడ్డ ఉంటే నన్ను ఆ ఇంటికి పంపేవారు. ఉయ్యాల ఊపడంతో మొదలుపెట్టి, అక్షరాలు దిద్దే వేళ పక్కన కూర్చుని, బడికి దింపి, తీసుకొచ్చి, పాఠాలు అప్పజెప్పించుకుని, చివరికి ఆ బిడ్డ పెద్దబడికి ఒంటరిగా బస్సెక్కి వెళ్లగలిగే రోజు రాగానే నా పెట్టె ఇంకో ఇంటికి కదిలేది. వెళ్లేటప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట, “నువ్వు లేకపోతే ఎలాగోనమ్మా” అని. ఎలాగో గడిచేది. పెద్దమ్మాయి కొడుకు నా కొంగు వదలకుండా ఏడ్చాడు. మూడు నెలల తర్వాత ఫోనులో “ఎవరు?” అన్నాడు. కొత్త ఇంట్లో మళ్లీ ఉయ్యాల, మళ్లీ మొదటి అక్షరం. ఐదో తరగతి పుస్తకంలో ఆఖరి పాఠం నాకు నోటికి వచ్చు. ఆరో తరగతి పుస్తకం అట్ట ఏ రంగులో ఉంటుందో తెలియదు.

చదువు దాచుకోవడానికి పెద్ద కారణమేమీ లేదు, భయం తప్ప. తెలిస్తే నా ఎదుట కాగితాలు మడిచేస్తారని భయం. పెళ్లయిన కొత్తలో మా ఆయన్ని అక్షరాలు నేర్పమంటే నవ్వారు. “నీకెందుకే చదువు? నేనున్నాగా, చదివి వినిపిస్తాను” అన్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. మా అమ్మ ఎవరిచేతో రాయించి పంపిన ఉత్తరాలన్నీ ఆయనే చదివేవారు. “అంతా క్షేమమేనట, మనల్ని అడిగిందట.” ఏ ఉత్తరమైనా అంతే. ఆయన పోయాక, పెద్దమ్మాయి కొడుకుతో పాటు నేను కూడా మూడో తరగతికి వచ్చాక, ఒక మధ్యాహ్నం పెట్టె అడుగునున్న ఆ ఉత్తరాలు తీసి కూడబలుక్కుంటూ చదివాను. ఆఖరిదాంట్లో ‘ఒక్కసారి వచ్చి కనపడి పో తల్లీ, ఈ వానలు దాటేలా లేను’ అని ఉంది. ఆ వానల్లో మా ఆడబిడ్డ పురిటికి వచ్చి ఉంది. నేను కదిలితే ఇల్లు గడవదని ఆయనకు తెలుసు. అందుకే ఆ ముక్క చదవలేదు. వానలు దాటకముందే అమ్మ పోయిందని కబురొచ్చింది. అప్పటినుంచి ఎవరైనా నాకు ఏదైనా చదివి వినిపిస్తుంటే, చదవని ముక్క ఏదా అని వెతుక్కుంటూ ఉంటాను.

ఈ టర్ములో ఐదో తరగతివాళ్లు ఏమేం నేర్చుకుంటారో బడివాళ్లు ఒక కాగితం పంపారు. కోడలు దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించింది. పాలు తీసినప్పుడల్లా చదువుతాను. సైన్సులో గుండె, రక్తప్రసరణ. భాషలో పెద్దవాళ్లకు ఉత్తరం రాయడం, ఒక నాటకం. చివరి వారంలో పెద్దబడి చూసి రావడం. లెక్కల్లో హారాలు వేరుగా ఉన్న భిన్నాలు కలపడం. ఈ లెక్క దగ్గర నేను ప్రతిసారీ తడబడతాను. హారాలు వేరైతే ఉన్నపళంగా కలపకూడదట, ముందు రెంటినీ మార్చి ఒకే హారానికి తేవాలట. రెంటినీ! నేను వెళ్లిన ఇళ్లలో ఎప్పుడూ ఒక్కటే మారింది.

ఆ కాగితంలో ఉన్న ఇంకో పని, స్కేలు ప్రకారం గది ప్లాను గీయడం. టీచరమ్మ దానికి చక్కటి పద్ధతి చెప్పింది. గదిని టేపుతో కొలవాలి. ఒక అడుగుకు ఒక సెంటీమీటరు. గదిలో ఉన్న సామానంతా అదే కొలతకు అట్టముక్కలుగా కత్తిరించి, పేర్లు రాసి, ప్లాను మీద జరిపి చూసుకోవాలి. అన్నీ కుదిరాకే చుట్టూ గీత గీయాలి. ఆదివారమంతా టేపు ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస గువ్వ పట్టుకుంది. మేమిద్దరం ఒకే గదిలో పడుకుంటాం. పన్నెండడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు. గువ్వ మంచం, బీరువా, కిటికీ కింద నా మంచం, తలుపు పక్కన మా అబ్బాయి వ్యాయామం సైకిలు. ఎంత తొక్కినా ఊరు దాటని ఆ సైకిలు కొన్న వారం రోజులే తిరిగింది. ఇప్పుడు దానిమీద తువ్వాళ్లు ఆరతాయి.

మరి నా మంచం చెత్తలోకి ఎలా వచ్చింది?

గువ్వ స్నానానికి వెళ్లినప్పుడు పుస్తకాల మధ్యనుంచి ప్లాను తీసి చూశాను. గువ్వ మంచం ఉంది. బీరువా ఉంది. సైకిలుకు పెడళ్లు కూడా గీసింది. కిటికీ కింద, నేను పదేళ్లుగా పడుకుంటున్న చోట, ‘చదువుకునే టేబుల్’ అని ఉంది. పక్కనే ‘పుస్తకాల అర’. వెతికినచోటే మళ్లీ వెతికాను. నేనెక్కడా లేను.

కిటికీ కింద నా మంచం మీదే కూర్చున్నాను. ఇన్నాళ్లూ విని వదిలేసిన మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. మొన్న కోడలు “అత్తయ్యా, మందపు దుప్పటి ఒకటి కొందామా, అక్కడ చలెక్కువ...” అని నాలిక కరుచుకుంది. కిందటి వారం అబ్బాయి ఫోనులో చెల్లెలితో “సెలవులిచ్చేదాకా ఆగవే, తర్వాత నువ్వే ఉంచుకో” అన్నాడు. మిక్సీ ఏదో అడుగుతోందనుకున్నాను.

బడికి వెళ్లే దారిలో గువ్వ నాకంటే రెండడుగులు ముందు నడిచింది. ఈమధ్య చెయ్యి పట్టుకోవడం మానేసింది. మందుల షాపు దాటాక అడిగాను.

“ప్లాను అయిపోయిందా గువ్వా?”

“ఊఁ.”

“నా మంచం ఎక్కడ పెట్టావు?”

ఠక్కున ఆగిపోయింది. బ్యాగు పట్టీ నోట్లో పెట్టుకుంది, చిన్నప్పటి అలవాటు. “నేను ముందు పెట్టాను నానమ్మా. అమ్మే, సెలవుల తర్వాత ఎలా ఉంటుందో అలా గీయమంది. నువ్వు అత్త దగ్గరికి వెళ్తావట. పాపని ఆడించడానికి. నీకు చెప్పద్దంది, బెంగపెట్టుకుంటావని.”

“మీ టీచరమ్మ ఏం గీయమంది?”

“ఉన్నది ఉన్నట్టు గీయమన్నారు. లేనిది గీస్తే మార్కులు పోతాయి.” కాస్త ఆగి నా మొహంలోకి చూసింది. “నానమ్మా, నీకు ప్లాను చదవడం వచ్చా?”

“టేపు పట్టుకుంది ఎవరే?” అన్నాను.

వీధి మలుపులో “ఇక్కణ్నించి నేనెళ్తాలే, అందరూ చూస్తారు” అని పరుగెత్తింది. బ్యాగు ఎగురుతూ దూరమవుతుంటే, గేటు దాకా నడిచాను, అలవాటు చొప్పున. కాపలా అతను కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు. “మామ్మగారూ, ఇంకో పాతిక రోజులే. మీరూ పాసైపోతున్నారు! తర్వాత ఏ బడి?”

 మామూలుగా అయితే ఏదో ఒకటి అనేదాన్ని, ఈసారి వెనక్కి తిరిగాను.

మధ్యాహ్నం ఖాళీ ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప మరేం లేదు. పెట్టె తెరిచాను. నాలుగు చీరలు, అమ్మ ఉత్తరాలు, పిల్లల పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు కుట్టుకున్న నా పుస్తకం. సర్దుకోవడానికి పావుగంట పట్టదు. ఎన్నిసార్లు సర్దలేదు! అంతలో చిన్నమ్మాయి ఫోను. దాని పాపకు ఐదో నెల.

“అమ్మా, అన్నయ్య చెప్పాడా?”

“చెప్పలేదు. తెలిసింది.”

“వచ్చే నెలతో నా సెలవు అయిపోతుందమ్మా. నువ్వొస్తే గానీ కుదరదు. ఆయనకి పిల్లని పట్టుకోవడం చేతకాదు, నీకు తెలుసుగా.”

“మీ ఆయన పనేంటే?”

“అదేం ప్రశ్నమ్మా? వంతెనలు కడతారుగా.”

“వంతెన నిలబెట్టేవాడికి ఐదు కిలోల పిల్ల బరువైందా?”

పకపకా నవ్వింది. నవ్వు సగంలో ఆపింది. “మరి నన్నేం చెయ్యమంటావు? ఉద్యోగం మానుకోమంటావా?”

“మానావంటే కాళ్లు విరగ్గొడతాను,” అన్నాను.  అక్కడ పాప లేచి ఏడిస్తే అమ్మాయి ఫోను పెట్టేసింది.

అది అడిగినదాంట్లో తప్పేముంది? నేను రానంటే నలిగేది అదే, దాని మొగుడు కాదు. వెళ్తానంటే నలిగేది నేను. రెండువైపులా ఆడవాళ్లమే. మధ్యలో చేతకాని మగవాళ్లు హాయిగా ఉన్నారు. మా అమ్మకు దగ్గరుండి గుక్కెడు నీళ్లివ్వలేకపోయినదాన్ని, కూతురు పిలిస్తే పోకుండా ఉండగలనా? గువ్వ కోసం ఉండిపోదామంటే అది చెయ్యి ఎప్పుడో వదిలేసింది. పిల్లలు వదిలెయ్యాలి కూడా, అందుకేగా పెంచడం. మరి నేనెవరి కోసం ఉండాలి?  తట్టిన జవాబుకు నాకే సిగ్గేసింది. ఎవరి కోసమూ కాదు.

లేచి అల్లుడి నంబరు వెతికి ఫోను చేశాను.

“అత్తయ్యగారూ! అంతా బాగేనా?” కంగారుపడ్డాడు. నేను అతనికి ఎప్పుడూ చెయ్యలేదు.

“బాగే బాబూ. సెలవుల్లో నెల రోజులు వస్తున్నాను. ఆ నెల నువ్వు కూడా సెలవు పెట్టు. పాపకి నీళ్లుపోయడం, పాలు పట్టడం, ఏడిస్తే ఎత్తుకోవడం అన్నీ నేర్పేసి వస్తాను.”

“నాకు చేతకాదండీ...”

“నాకూ మొదట్లో చేతకాలేదు. పదిహేడేళ్లకి నేర్చుకున్నాను. నీకు ముప్పై నాలుగు, నాకంటే త్వరగా వస్తుంది.”

“అడిగి చూస్తానండీ,” అన్నాడు. అడుగుతాడో లేదో తెలియదు. 

సాయంత్రం గువ్వ రాగానే అట్టముక్కలన్నీ తెమ్మన్నాను. సైకిలు ముక్క నాలుగు సెంటీమీటర్లు, రెండు. బాల్కనీలో ఉన్న పాత టేబుల్ కొలతకు కత్తిరించిన ముక్క కూడా నాలుగు, రెండు. సైకిలు ముక్క తీసి దాని చోట టేబుల్ పెట్టాను, కొలిచి కొన్నట్టు సరిపోయింది. కిటికీ కింద నా మంచం పెట్టాను.

“కానీ నానమ్మా, ఉన్నదే గీయాలి.”

“అందుకే ముందు జరుపుదాం పద.”

సైకిలు కింద పాత దుప్పటి వేసి ఇద్దరం లాగాం. గువ్వ ముందు, నేను వెనక, ఎక్కడికీ కదలని సైకిలు మొదటిసారి బాల్కనీ దాకా ప్రయాణం చేసింది. గువ్వ నవ్వు ఆపుకోలేక నేలమీద కూర్చుంది. బాల్కనీలో డబ్బాల కింద నలుగుతున్న పాత టేబుల్‌ను తుడిచి లోపలికి తెచ్చాం. కుర్చీలు వేశాం. వాటికీ అట్టముక్కలు కత్తిరించాను. కొత్త కాగితం మీద నేనే స్కేలు పెట్టి గీశాను, పేర్లు రాశాను. గువ్వ నోరు తెరుచుకుని చూసింది. “నానమ్మా, నీకన్నీ వచ్చు!” అంది.

“అన్నీ కాదు. ఐదో తరగతి దాకానే.”

ఆరు గంటలకు అబ్బాయీ కోడలూ వచ్చారు. కాఫీ ఇచ్చాను. తల్లిదండ్రుల సంతకం కావాలని గువ్వ ప్లాను తెచ్చి ఇచ్చింది. చూడకుండా సంతకం పెట్టడం మా వాడికి అలవాటు, కానీ ఈసారి పెన్ను ఆగింది.

“నా సైకిలేదే?”

“బాల్కనీలో నాన్నా. గాలి బాగా వస్తుంది,” అంది గువ్వ.

కోడలు కాగితం అందుకుంది.  “ఇది గువ్వ రాత కాదే,” అంది. నా రాత అచ్చు అక్షరాల్లా ఉంటుంది, పుస్తకాలు చూసే నేర్చుకున్నాను కాబట్టి.

“నాదేనమ్మా,” అన్నాను.

కోడలు మొహం పాలిపోయింది. ఫ్రిజ్ తలుపు వైపు, తన ఫోను వైపు, మళ్లీ నా వైపు చూసింది. నా ఎదుట ఏమేం వదిలేసిందో లెక్కేసుకుంటోంది పాపం. “అత్తయ్యా, చెబుదామనే... మీరు బాధపడతారని...” అంది.

“తెలుసమ్మా.”

“నీకు రాయడం ఎప్పట్నించి వచ్చమ్మా?” అన్నాడు అబ్బాయి.

“నీ అక్క కొడుకు మూడో తరగతి నించి.”

“మరి చెల్లి సంగతి?”

“నెల రోజులకి వెళ్తాను. అల్లుడితో మాట్లాడాను. బడి తెరిచే రోజుకి వచ్చేస్తాను.”

కోడలు మెల్లగా, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది. “ఆరో తరగతికి గువ్వ ఒక్కతే బస్సులో వెళ్తుంది కదత్తయ్యా. మీరు దింపక్కర్లేదు, తేనక్కర్లేదు. ఇంక మీకు ఇక్కడ...”

మాట పూర్తి చెయ్యలేదు. పూర్తి చెయ్యని ముక్కలు చదవడం నాకు అలవాటే.

అబ్బాయి ఇంకా ప్లానులోకే చూస్తున్నాడు. టేబుల్ పక్కన రెండు చిన్న చతురస్రాల మీద వాడి వేలు ఆగింది.

“గువ్వకి ఒకటి. ఈ రెండో కుర్చీ ఎవరికమ్మా?”

“నేనింకా ఆరో తరగతి చదవలేదురా,” అన్నాను.