ఎడమ చెవిలో హోరు

రిచర్డ్ గూడ్సు బండి డ్రైవరు. భార్య కాంతమణితో మెట్టుగూడ రైల్వే క్వార్టర్సులో ఉంటాడు. ఒకరోజు డ్యూటీకి బయల్దేరుతూ బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. ఉన్నట్టుండి గది గిర్రున తిరిగింది. గోడ పట్టుకున్నా ఆగలేదు. వాంతి చేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని నేలమీదే పడుకుండిపోయాడు. కొన్నాళ్లుగా ఎడమ చెవి దిబ్బడేసినట్టుందనీ, లోపల హోరుమంటోందనీ అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు పరీక్షలు చేయించాడు.

"మెనియర్స్ అంటారు దీన్ని. లోపలి చెవిలో నీరు ఎక్కువవుతుంది. తల తిరుగుడు, హోరు వచ్చి పోతుంటాయి. వినికిడి మెల్లగా తగ్గుతుంది. ఉప్పు తగ్గించండి. ప్రాణభయం లేదు."

"చాలామందికి వస్తుందాండీ?" అంది కాంతమణి.

"లేదు. వెయ్యి మందిలో ఒకరికో ఇద్దరికో."

"బండి నడపొచ్చా?" అన్నాడు రిచర్డ్.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "ఎప్పుడొస్తుందో చెప్పలేం కదా."

రిచర్డ్‌ని ఆఫీసులో కూర్చోబెట్టారు. కాంతమణి లోలోపల సంతోషించింది. సాయంత్రం ఇంటికొచ్చే మొగుడు, ఆదివారం చర్చికి వెంట వచ్చే మనిషి కావాలని ఎన్నేళ్లుగానో కోరుకుంది. ఇప్పుడు మనిషైతే ఇంట్లో ఉన్నాడు. బండి కూత వినబడితే మాత్రం ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయేది.

ఓ సాయంత్రం, ఆయన దగ్గర అసిస్టెంటుగా చేసిన భద్రయ్య వచ్చాడు.

"మీరు లేకుంటే మనసొప్పుతలేదు సార్. కొత్త సారు మాట్లాడనే మాట్లాడడు."

"భువనగిరి గుట్ట మీద పొద్దు పొడవడం చూస్తున్నావా?"

"ఆ, చూస్తున్న. మీరే యాదికొస్తరు."

వంటింట్లోంచి కాంతమణి విన్నది. ఆ గుట్ట సంగతి ఆయన తనకెప్పుడూ చెప్పలేదు. తనూ అడగలేదు.

మర్నాడు ఆయన్ని తనే పట్టాల దాకా తీసుకెళ్లింది. ఆయన ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాడు. గూడ్సు ఒకటి వచ్చింది.

"ఎక్కడికండీ ఇది?"

"ఖాళీ వ్యాగన్లు. బొగ్గుకి, రామగుండం."

"నన్నూ ఓసారి ఆ దారిన తీసుకెళ్లండి. ప్యాసింజర్లో పోదాం."

ఆయన వెళ్లిపోతున్న ఆఖరి వ్యాగన్ వైపు చూశాడు.

"పెట్టెలో కూర్చుంటే ముందు పట్టాలు కనబడవే, కాంతం," అన్నాడు.

"పక్కన నేనుంటాగా."

ఆ వారంలోనే ఇద్దరూ భువనగిరి మీదుగా పోయే కాజీపేట ప్యాసింజర్ ఎక్కారు. బండి కదలగానే ఆయన కిటికీ ఊచలకు ముఖం ఆనించి ఇంజను వైపు చూశాడు. వంపు తిరిగితే తప్ప అది కనబడదు. కాంతమణి ఆయన మోచేయి పట్టుకుని, తనూ వంపు కోసం చూసింది.