జారని పాట

గ్రామఫోను ముల్లు మార్చి, ప్లేటు మీది దుమ్మును పంచె అంచుతో తుడిచి, పిళ్ళప్ప హ్యాండిలు తిప్పసాగాడు. పొద్దుటి నుంచీ ఎడమ భుజం లాగుతూనే ఉంది. బండిలోంచి బ్యాటరీ దించిన నొప్పేలే అనుకున్నాడు. చాకవేలులో గోవిందరాజు శెట్టి మనవరాలి పెళ్ళంటే పందిరికి గుంజలెంత అవసరమో పిళ్ళప్ప మైకుసెట్టూ అంతే.

ఎవరికి ఏ పాట పెట్టాలో అతడికి తెలిసినట్టు వాళ్ళ కన్నతల్లికి కూడా తెలియదు. తెల్లవారుతూ సన్నాయి, రుబ్బురోలు దగ్గర ఆడవాళ్ళకు జానపదం, కుర్రకారుకు హిందీ సినిమా పాట, నిద్రపట్టని ముసలాళ్ళకు తత్వం. "అన్నం సయించలేదా? రెండు కీర్తనలు విను. దానికీ ఆకలి కాకుంటే హరికథ. అదీ పనిచేయకుంటే డాక్టరు కాడికి పోప్పా," అనేవాడు. పాట మధ్యలో తిప్పిన కీ అయిపోయి ప్లేటు గొంతు జారితే మాత్రం అతడికి తలకొట్టేసినట్టే. ఇన్నేళ్ళలో ఒక్క పాటా జారనివ్వలేదు. ఆ పొగరు కొంచెం ఉండేది కూడా.

తాళి కట్టడమైంది, విస్తళ్ళు వేశారు. అక్కడొచ్చింది చిక్కు. చింతామణి నుంచి వచ్చిన పెళ్ళికొడుకు తాత గంగాధరప్ప భోజనాల కాడ సినిమా పాటలే పెట్టాలన్నాడు. "మా ఇంట్లో కీర్తనలే," అన్నాడు గోవిందరాజు. మాటకు మాట పెరిగింది. "బండ్లు కట్టండప్పా, ఈడ నీళ్ళు కూడా ముట్టొద్దు," అని గంగాధరప్ప లేచాడు. మగపెళ్ళివాళ్ళంతా లేచారు. లోపల పెళ్ళికూతురు జలజ ఏడుపు అందుకుంది. వీళ్ళు తినకుండా గడప దాటితే ఆ పిల్ల అత్తింట్లో తలెత్తుకునేదెట్లా? ఆమెను తొట్లో వేసిన నాటి వేడుకకు పాట పెట్టిందీ పిళ్ళప్పే.

ఇద్దరి మాటా వినలేదతడు. పాత నాటకం పద్యం ప్లేటు తీసి పెట్టాడు. ఆ సరిహద్దు సీమలో తెలుగువాడైనా కన్నడంవాడైనా నాటకం పద్యం వింటే కాలు కదపడు. గంగాధరప్ప బండి దగ్గర ఆగాడు. సరిగ్గా రాగం అందుకోవలసిన చోట గొంతు బరువెక్కింది, సాగింది, జారింది, ఆగిపోయింది. పిళ్ళప్ప హ్యాండిలు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"ఏమైంది నీకు? తిప్పప్పా," గోవిందరాజు కసిరాడు.

"చెయ్యి రావడంలేదు శెట్టీ. ఎవరన్నా అందుకోండి."

సగంలో ఆగిన పద్యాన్ని ఓర్చుకోవడం నాటకాలాడినవాడి తరమా! వయసులో కృష్ణుడి వేషం కట్టిన గంగాధరప్ప బండి దగ్గర నుంచే రాగం ఎత్తాడు. అర్జునుడు కట్టిన గోవిందరాజు ఊరుకుంటాడా, తరువాతి పాదం లాగేసుకున్నాడు. పందిరంతా "ఒన్స్ మోర్" అంది. ఇద్దరూ రొప్పుతూ వచ్చి ఒకే బంతిలో పక్కపక్కన కూర్చున్నారు.

"పద్యం మర్చిపోలేదే బావా," అన్నాడు గంగాధరప్ప.

"నువ్వు శ్రుతి మర్చిపోయినావులే."

విస్తళ్ళలో పాయసం పడింది. జలజ నవ్వింది. ఇన్నేళ్ళలో మొదటిసారి కావాలనే పాట జారనిచ్చి, పిళ్ళప్ప గెలిచాడు. ఆ సంతోషం అతడికి ఒంట్లో పట్టలేదు.

"నువ్వూ తిను మామా," అంది జలజ.

"తింటాలేమ్మా. ఇది నాకోసరం పెట్టుకుంటాండాను," అని అదే ప్లేటు మళ్ళీ పెట్టి, గుంజకు ఆనుకున్నాడు.

పద్యం పైకెక్కి, మళ్ళీ అక్కడే జారింది.

"మళ్ళీ మనచేత పాడిస్తాండాడు దొంగ," అని గంగాధరప్ప నవ్వాడు. పాయసం చేతులతోనే ముసలాళ్ళిద్దరూ గొంతెత్తి, ఈసారి పందిరి అదిరేలా చివరి పాదం దాకా పాడారు. పాడి, మెప్పుకోసం పిళ్ళప్ప వైపు చూశారు. కళ్ళు మూసుకుని, మొహమంతా చెవి చేసుకుని వింటున్నట్టే ఉన్నాడు. ప్రాణం ఏ పాదం దగ్గర పోయిందో ఎవరికీ తెలియలేదు. ఒళ్ళో హ్యాండిలు ఉంది. దాని పిడికి చుట్టిన పసుపు గుడ్డ అతడి అరచేయి ఎంతుందో అంత మేర అరిగి, నున్నగా మెరుస్తోంది.