ఒక్కసారే

చీటీలాయన ఇంకో కట్ట విప్పి, అంచుల్ని బల్ల మీద మెల్లగా తట్టి సమం చేశాడు. నిఘంటువు కార్యాలయంలో ముప్పైరెండేళ్లుగా ఆయన పని ఇదే. మాటకో చీటీ; చీటీ మీద అర్థం, పుట్టుక, ఆధారం. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఈ సాయంత్రంతో ఉద్యోగం అయిపోతుంది. 'క' అక్షరం కూడా ఇవాళే అచ్చుకు వెళ్తుంది. 'హ' దాకా వచ్చేసరికి మన మనవలు కూడా పెన్షన్ తీసుకుంటారని ఆఫీసులో ఒక పాత జోకు.

ఎదుటి బల్ల దగ్గర చీటీలు సరిచూసే అమ్మాయికి పెళ్లై నెల కాలేదు. గాజులు బల్లకు తగిలి గలగలమంటే తనలో తనే నవ్వుకుంటుంది. మొగుడు సాయంత్రం సినిమాకు టిక్కెట్లు తీశాడని పొద్దుటినుంచి మూడుసార్లు చెప్పింది.

"బాబాయిగారూ, ఈ 'కెవ్వు' మీ చేతిరాతేగా?"

చీటీ అందుకోకముందే ఆయనకు తెలిసిపోయింది. 'భయం వల్లగాని నొప్పి వల్లగాని ఒక్కసారే వెలువడే కీచుకేక.' పుట్టుక: ధ్వన్యనుకరణ. ఆధారం గడి ఖాళీ.

"ఒక్కసారే ఏంటండీ? మా పక్కవాటాలో పసిది తెల్లారకుండానే కెవ్వుకెవ్వుమంటుంది. మా ఆయనకి అలారంతో పనే లేదు."

ఆధారం ఏదో పాత కథలో ఉందని, పేరు గుర్తు రావడం లేదని గొణిగాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆ అమ్మాయి నమ్మింది. బీరువాలోంచి పాత కథల సంపుటాలన్నీ దించుకుని, టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యకుండా పేజీలు తిప్పుతూ కూర్చుంది. మూడైంది. నాలుగైంది. మొగుడు ఫోన్ చేస్తే, నువ్వు వెళ్లి కూర్చో, సగంలో వస్తానని గొంతు తగ్గించి చెప్పింది. ఆయన చెవులు వేడెక్కాయి.

"వెతక్కమ్మా. ఏ పుస్తకంలోనూ లేదు."

ఇరవై ఆరేళ్ల కిందటి సంగతి, తల ఎత్తకుండా చెప్పాడు. గోడ అవతలి వాటాలో బట్టలు కుట్టే పిన్ని ఒంటరిగా ఉండేది. ఆయన చొక్కాకి బొత్తాం ఊడితే పిలిచి మరీ కుట్టిచ్చేది. ఒక మధ్యాహ్నం ఆయన భోజనం చేస్తుంటే గోడవతల కెవ్వుమంది. ముద్ద చేతిలోనే ఆగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. బల్లినో దేన్నో చూసి ఉంటుందని సర్దిచెప్పుకుని, చెయ్యి కడుక్కుని ఆఫీసుకు వచ్చేశాడు. అటక మీది గుడ్డలమూట అందుకోబోయి పిన్ని ఎత్తుపీట మీంచి పడింది. సాయంత్రం పాలవాడు తలుపు తట్టేదాకా ఎవరికీ తెలియలేదు. ప్రాణం పోయి ఎంతోసేపు కాలేదన్నారు. నెల తిరక్కుండా ఈ మాట తన వంతుకొచ్చింది. చెవిలో ఉన్నదే రాశాడు.

"ఇంకోసారి అరిస్తే వెళ్దామనుకున్నానమ్మా," అన్నాడు. "మంచినీళ్లు తాగుతూ కూడా చెవొగ్గి విన్నాను."

ఆ అమ్మాయి పుస్తకం మూసింది. ఎర్రపెన్సిలు ఆయన వైపు జరిపింది.

"మీరే దిద్దండి, బాబాయిగారూ."

దిద్దాడు. సినిమా మొదలైపోతుంది బయల్దేరమంటే ఆమె వెళ్లింది, గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూసి. తర్వాత ఆయన కళ్లజోడు జేబులో పెట్టుకుని, గొడుగు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగిపోయాడు.

బల్ల మీద ఆ చీటీ ఒక్కటే ఉంది. గీత కాగితం చిరిగేంత గట్టిగా పడింది; దాని కింద 'ఒక్కసారే' అన్న మాట మాత్రం ఇంకా చదవడానికి వస్తూనే ఉంది.