పచ్చబడిన గుడ్డ

గుడ్డ పచ్చబడిందని అత్తగారు అనడం ఆ వారంలో ఎన్నోసారో కోడలికే గుర్తులేదు. అన్నప్పుడల్లా తీసుకెళ్ళి సబ్బునీళ్ళలో ఉడికించింది, నీలిమందు పెట్టింది, ఆరేసి, ఇస్త్రీ చేసి తెచ్చి మళ్ళీ బల్లమీద పరిచింది. అత్తగారు దాన్ని వేళ్ళతో తడిమి, కిటికీ వైపు ఎత్తి చూసి, "ఉతికావా, ఉతికినట్టు నటించావా?" అంది.

అది మామూలు గుడ్డ కాదు. వాళ్ళ నగల దుకాణంలో రంగురాళ్ళు చూసేది దానిమీదే. కింద దుకాణం, పైన కాపురం. దుకాణం వెనకగదికి ఉత్తరం వైపు ఒక కిటికీ, కిటికీ కింద బల్ల, బల్లమీద ఆ తెల్లగుడ్డ, దాని ముందు అత్తగారు. ఆవిడ పని రాళ్ళకి జత కుదర్చడం. రెండు చెవులకీ రెండు కెంపులు కావాలంటే, అవి ఒక తల్లి కడుపున పుట్టినట్టుండాలి. గుప్పెడు కెంపులు పోస్తే అందరికీ అన్నీ ఎర్రగానే కనిపిస్తాయి. ఆవిడకి మాత్రం ఒకటి దానిమ్మ గింజ, ఒకటి తెగిన వేలి రక్తం, ఇంకొకటి ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పిల్ల కన్ను. ఆవిడ అసలు పేరు బజారు ఎప్పుడో మరిచిపోయింది. అందరికీ రంగులమ్మే.

ఆవిడ పద్ధతి ఆవిడది. రాళ్ళు చూసేది పొద్దున్నే, కిటికీ వెలుతురులో. దీపం వెయ్యనిచ్చేది కాదు. "దీపం కింద గాజుపెంకు కూడా పెళ్ళికూతురే" అనేది. నాలుగు రాళ్ళు చూశాక కాసేపు ఖాళీ గోడకేసి చూసేది, కళ్ళు కడుక్కుంటున్నట్టు. పక్కన చిన్న ముక్కాలిపీట మీద కోడలు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె చేసిందల్లా రాళ్ళ పొట్లాలు విప్పడం, మడవడం. అత్తగారు నోటితో నేర్పిందేమీ లేదు. పక్కన కూర్చోబెట్టుకుంది, అంతే. వంట పక్కన నిలబడితే వంట వచ్చినట్టు, కోడలికి రంగు వచ్చింది. ఇల్లంతటిలో ఆమె తనదనుకునే చోటు ఏదన్నా ఉంటే అది ఆ పీటే.

ఆ బల్ల తీసేస్తానంటున్నాడు కోడలి భర్త.

అతను చెడ్డవాడేమీ కాదు, తెలివితక్కువవాడు అసలే కాదు. ఈకాలం పిల్లలు వచ్చి వజ్రాలే అడుగుతున్నారు. వజ్రం ఏ చీర మీదికైనా నప్పుతుంది, ఏ వెలుతురులోనైనా మెరుస్తుంది. వెనకగదిలో కిటికీ మూసేసి, గోడలనిండా దీపాలు పెట్టి, మెత్తటి కుర్చీలు వేసి వజ్రాల గది చెయ్యాలని అతని కోరిక. తల్లికి నచ్చచెప్పబోయాడు. వజ్రం కాగితంతో సహా వస్తుందన్నాడు. రంగెంత, మచ్చెంత, బరువెంత, అన్నీ అందులో ఉంటాయన్నాడు. కొనేవాడికి తనని నమ్మాల్సిన పని లేదు, తనకి వాడితో వాదించే పని లేదు.

"మనిషిని నమ్మక్కర్లేని వ్యాపారం కూడా ఒక వ్యాపారమేనట్రా?" అంది తల్లి, రాయి మీంచి చూపు తిప్పకుండా.

అప్పటికి ఆ మాట అక్కడ ఆగింది. మళ్ళీ లేచింది దర్జీ ఆవిడ వల్ల.

వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ ఒంటి కమ్మతో వచ్చింది. నీలపు రాయి. రెండోది ఎక్కడో జారిపోయింది, జత కావాలంది. అత్తగారు పొట్లాలన్నీ విప్పించి, ఒక్కొక్కటే పాత రాయి పక్కన పెట్టి, గోడకేసి చూసి, మళ్ళీ చూసి, చివరికి ఒకటి ఏరింది. దాన్ని చూడగానే కోడలి మనసు చప్పున వెనక్కి లాగింది. పాత రాయి శుభ్రమైన నీలం. ఏరిన దాని అడుగున ఊదా జీర ఉంది. తను చెప్పాలా? రంగులమ్మకి రంగు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. తన కంటికే ఏదో అయిందనుకుని, తల దించుకుని పొట్లాలు మడవడంలో పడింది. రాయి పొదగడానికి వెళ్ళిపోయింది.

దర్జీ ఆవిడ మళ్ళీ వచ్చింది. అరవలేదు, దెబ్బలాడలేదు. రెండు కమ్మలూ గుడ్డమీద పెట్టి, నెమ్మదిగా, "అమ్మా, ఒకటి నీలం, ఒకటి వంకాయ రంగు. దారం ఇలా వేస్తే నా దగ్గర ఎవరూ రవికె కుట్టించుకోరు" అంది. దుకాణంలో ఇంకో ఇద్దరు కొనేవాళ్ళున్నారు. వాళ్ళకీ వినిపించింది.

అత్తగారు ఆ రెంటినీ చాలాసేపు చూసింది. "పొరపాటు జరిగింది, మారుస్తాం" అంది. ఆవిడ నోట ఆ మాట రావడం కోడలు ఎప్పుడూ వినలేదు.

భర్తకి ఇక అడ్డేముంది? వడ్రంగిని పిలిపిస్తానన్నాడు. అయినా తల్లిని నొప్పించడం ఇష్టంలేక, కొత్తగా తెప్పించిన వజ్రాల పొట్లం తనే తెచ్చి ఆమె ముందు, ఆ గుడ్డమీదే పోశాడు. ఒక్కసారి చూసి బాగున్నాయను, చాలు, అని బతిమాలాడు. ఆవిడ పట్టకారుతో ఒక రాయి ఎత్తింది. ఇంకోటి ఎత్తింది.

"ఇవన్నీ పచ్చగా ఉన్నాయిరా. పసుపునీళ్ళలో ముంచినట్టున్నాయి. తిప్పి పంపించెయ్."

అతని మొహం మాడిపోయింది. ఏరి ఏరి తెచ్చిన రాళ్ళవి, తెల్లవాటిలోకెల్లా తెల్లనివని కాగితం మీద ఉంది. తల్లి ఓర్వలేక అంటోందనుకున్నాడు. అలా అనుకున్నాక నోరు ఆగలేదు.

"పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుందట. నీకు వజ్రమంటే కళ్ళమంట, అంతే" అనేసి, రాళ్ళు ఊడ్చుకుని వెళ్ళిపోయాడు.

అత్తగారు గుడ్డ లాగి కోడలి ఒళ్ళో పడేసి, "దీన్ని ఇంకోసారి ఉడికించు" అంది.

పెరట్లో నీళ్ళు మరుగుతుంటే కోడలు ఆ గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గుడ్డ తెల్లగా ఉంది. మల్లెపువ్వులా ఉంది. సామెతని భర్త తిట్టుగా విసిరాడు, తను మాత్రం దాన్ని మాటకి మాటగా విన్నది. గుడ్డ పచ్చన. వజ్రాలు పచ్చన. మొన్న దుప్పట్లు పచ్చన, అంతకుముందు గోడ సున్నం పచ్చన. ఊదాకీ నీలానికీ తేడా తెలియలేదు. అన్నీ పచ్చబడవు. చూసే కన్నే పచ్చబడుతుంది.

మర్నాడు పొద్దున దుకాణం తెరవకముందే ఆమె బల్లమీద మూడు వస్తువులు పెట్టింది. కట్ట విప్పి తీసిన కొత్త కాగితం, మడత నలగని కొత్త రుమాలు, చిన్న గిన్నెలో పాలు. అత్తగారు వచ్చి కూర్చుంది.

"అత్తయ్యా, వీటిలో తెల్లనిదేదో చెప్పండి."

"పొద్దున్నే ఇదేం పరీక్షే? కాగితం పాతది. రుమాలు ఉతుక్కోవాలి. పాలు…"

అక్కడ ఆగిపోయింది. గిన్నె దగ్గరికి తీసుకుంది, కిటికీ దగ్గరికి జరిపింది, వాసన చూసింది. మళ్ళీ బల్లమీద పెట్టింది.

"ఇప్పుడే కాచి తెచ్చాను" అంది కోడలు.

కిటికీ బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. అత్తగారు అలవాటుగా ఖాళీ గోడకేసి చూసింది. ఆ గోడ కూడా ఇప్పుడు ఆవిడకి సాయం చెయ్యలేదు.

"అయితే రంగులమ్మకి రంగులు పోయాయన్నమాట. మీ ఆయనకి చెప్పు, మిఠాయి పంచుతాడు" అంది. వెంటనే గొంతు మార్చి అడిగింది. "ఆ దర్జీ ఆవిడ రాయి నువ్వూ చూశావుగా. ఊదా కనిపించిందా నీకు?"

"కనిపించింది."

"మరి?"

"మీ కన్ను ముందు నా కన్నెంతలే అనుకున్నాను."

"అందుకా తల దించుకున్నావు!" అత్తగారు తల ఊపింది. నవ్విందో ఏడ్చిందో తెలియని మొహంతో అంది. "పిచ్చిమొహమా, కొన్నాళ్ళుగా నేను రాయి చూడటం లేదే. నీ మొహం చూస్తున్నాను. జత కుదరకపోతే నీ కింది పెదవి లోపలికి పోతుంది. కుదిరితే భుజాలు దిగుతాయి. ఆరోజు నువ్వు పొట్లాల్లోకి మొహం పెట్టేశావు. నాకు దీపం ఆరిపోయినట్టయింది. చేతిలో ఉన్నదే ఇచ్చేశాను."

కోడలు ఇన్నాళ్ళూ పీటమీద కూర్చుని తను నేర్చుకుంటున్నాననే అనుకుంది.

"చెప్పొచ్చు కదా అత్తయ్యా."

"నువ్వు చెప్పావా?"

అత్తగారు పాలగిన్నె తీసుకుని, వృథా ఎందుకని తాగేసింది.

భర్తకి కోడలే చెప్పింది. అన్న మాట తిరిగొచ్చి తగిలినట్టు అతను కుర్చీలో కూలబడ్డాడు. డాక్టరు దగ్గరికి తల్లిని తనే తీసుకెళ్ళాడు. శుక్లాలు ముదిరాయనీ, పచ్చబడి మబ్బుపట్టిన పాత సీసాలోంచి చూస్తున్నట్టే ఉంటుందనీ, ముందు ఒక కన్ను బాగుచేసి తర్వాత రెండోది చూద్దామనీ డాక్టరు చెప్పాడు.

ఆపరేషనయి కట్టు విప్పాక ఆవిడతో వేగడం ఇంట్లో అందరికీ కష్టమైపోయింది. గోడ ఇంత తెల్లగా ఉంటే సున్నం వేయించమని తను గోలపెడుతుంటే ఎవరూ చెప్పలేదేమంది. కోడలి చీర బూడిదరంగనుకుంటే లేత ఊదా అని తేలింది. "ఇంత మంచి చీర కట్టుకుని ఇన్నాళ్ళూ నాకు బూడిద చూపించావు" అని సాధించింది.

కొన్నాళ్ళకి మళ్ళీ బల్ల దగ్గర కూర్చుని కొడుకుని పిలిచింది. వజ్రాలు తెమ్మంది. ఒక కన్ను మూసి చూసింది, రెండోది మూసి చూసింది.

"కొత్త కంటికి తెలుపు, పాత కంటికి పచ్చ. తెల్లనివేరా. మంచి రాళ్ళు తెచ్చావు."

"అమ్మా, ఆరోజు నేనన్న మాట…"

"సామెత సరిగ్గానే వేశావులే. కామెర్లు కాదు, పొర. అంతే తేడా."

అతను తలవంచుకుని నవ్వాడు. కానీ వడ్రంగికి మాట ఇచ్చేశాడు. ఆ మధ్యాహ్నం వడ్రంగి టేపు పట్టుకుని వచ్చేసరికి వెనకగదిలో దర్జీ ఆవిడ కూర్చునుంది, పాత ఒంటి కమ్మ పట్టుకుని. అత్తగారు లేచి, తన కుర్చీ కోడలి వైపు జరిపి, తను పీటమీద కూర్చుంది. పీట ఆవిడకి చిన్నదైంది, మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. అయినా లేవలేదు.

కోడలు పొట్లాలు విప్పింది. ఒక నీలం మరీ ముదురు, సిరా చుక్కలా. ఇంకొకటి ఎండకి వెలిసిన గుడ్డలా. ఒకటి దాదాపు కుదిరింది. దాన్ని పాత రాయి పక్కన పెట్టి, గోడకేసి చూసి, మళ్ళీ చూసింది. వేళ్ళ మధ్యకి తీసుకుని కిటికీకి ఎత్తింది. గుమ్మంలో భర్త, వడ్రంగి చూస్తున్నారు. అత్తగారు మాత్రం రాయి చూడలేదు. కోడలి పెదవి చూసింది.

"కుదరలేదండీ" అంది కోడలు. "దగ్గరిదే, కానీ జత కాదు. మంచిది దొరికేదాకా ఆగగలరా?"

గుమ్మంలో భర్త ఇబ్బందిగా కదిలాడు. వచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపడం అతని వ్యాపారంలో లేదు. దర్జీ ఆవిడ మాత్రం కమ్మ తీసి మళ్ళీ ఒక చెవికే పెట్టుకుంది.

"ఆగుతాను. దారం కుదరక నేనే జనాన్ని నెలల తరబడి తిప్పుతాను. అందాకా జుట్టు రెండోవైపు వేసుకుంటాలే" అంది. పోతూ పోతూ గుమ్మంలో అతనితో, "ఇంట్లో ఇలాంటి కన్ను పెట్టుకుని, ఆ కిటికీకి చెక్క కొడతావా బాబూ?" అని అడిగింది.

అతను ఆవిడ ఒంటి కమ్మ వీధి మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత వడ్రంగి భుజం మీద చెయ్యేసి ముందుగదికి తీసుకెళ్ళాడు. వజ్రాలకి కావలసింది దీపమే కదా, కిటికీ ఎందుకు, ముందుగది గోడ కొలవమన్నాడు. ఆ మాట తల్లి ఎప్పుడు చెవిన వేసిందో కోడలికి తెలియదు. వేసే ఉంటుంది.

అత్తగారు పీటమీంచి మోకాళ్ళు పట్టుకుని లేచింది. పొట్లాలు పక్కకి తోసి, గుడ్డ రెండు చేతులతో ఎత్తి, కొత్త కంటితో కిటికీకి పట్టి చూసింది. తెల్లగా ఉంది. మధ్యలో అరిగి పడిన చిల్లులోంచి అవతలి వీధి కూడా కనిపిస్తోంది. ఆవిడ వేలు అందులోంచి ఇవతలికి వచ్చింది.

"ఉతకమంటే మాత్రం ఇంతలా ఉతకాలా? నేత కూడా మిగల్చలేదు కదే" అంది. "పచ్చగా లేదని ఒక్కసారి నాతో దెబ్బలాడితే గుడ్డయినా దక్కేది."

"ఈసారి దెబ్బలాడతాను" అంది కోడలు, బీరువాలోంచి కొత్త గుడ్డ తీస్తూ.